చిటికెన వేలు, చిన్న మెదడు

నా ఫోన్‌లో ఒక జాబితా ఉంది. పేరు ‘నా దుర్గుణాలు’. మొత్తం పద్నాలుగు. ఎడమవైపు దుర్గుణం, కుడివైపు దానికి బాధ్యత వహించాల్సిన మెదడు భాగమో, మెదడులో ఊరే రసాయనమో. మూడోది, నంద్యాల బస్టాండులో మిరపకాయ బజ్జీల వాసన తగిలితే బస్సు వదిలేయడం: డోపమిన్. ఆరోది, నాతో చదివినవాడికి మంచి ఉద్యోగం వచ్చిందని వింటే ఆ పూట అన్నం సయించకపోవడం: ఒంటికి దెబ్బ తగిలితే మెదడులో ఎక్కడ నొప్పి తెలుస్తుందో ఆ చుట్టుపక్కలే. ఎనిమిదోది, పొద్దున లేవకపోవడం: ఏ భాగమో తేల్చుకోలేక ప్రశ్నార్థకం పెట్టాను. తొమ్మిదోది అబద్ధం. దాని ఎదురుగా ఏకంగా రెండు భాగాలు రాసుకున్నాను: నుదుటి వెనక ఉండే మెదడు, భయాన్ని పుట్టించే, బాదం గింజంత ఉండే అమిగ్డలా.

ఈ జాబితా తయారు చేసిన రోజు నా నిజాయితీకి నాకే ముచ్చటేసింది. ఇప్పుడు తీసి చదివితే ఒక సంగతి తెలుస్తోంది. ఆ పద్నాలుగింటిలో ఒక్కటి కూడా నేను చేయలేదు. అన్నీ మెదడే చేసింది.

నేను బీటెక్ ఎలక్ట్రానిక్స్ చదివాను. నంద్యాలలో ఒక నరాల డాక్టరమ్మ క్లినిక్కులో ఈఈజీ మిషను నడుపుతాను. రోగి తలను టేపుతో కొలిచి, గుర్తులు పెట్టి, పేస్టు రాసి, వైర్లు అతికించి, కళ్ళు మూసుకోమని, తెరవమని చెబుతూ తెరమీద గీతలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడాలి. ఆ గీతల అర్థం చెప్పేది డాక్టరమ్మ. వైర్లు ఊడకుండా చూసుకోవడం వరకే నా పని. కానీ రోజుకు ఏడెనిమిది తలలు ముట్టుకునేవాడికి ఆ తలల లోపలి సంగతి కూడా తనకే తెలిసినట్టు అనిపిస్తుంది. (రెండోది, గర్వం.) సాయంత్రం గదికి వచ్చి మెదడు గురించి చదివేవాణ్ణి, వీడియోలు చూసేవాణ్ణి. వారమంతా పోగుచేసింది ఆదివారం ఆళ్ళగడ్డకు మోసుకుపోయి మా నాయన మీద ప్రయోగించేవాణ్ణి.

మా నాయనది రాతి శిల్పాల షెడ్డు. నాలుగు తరాలుగా మాది ఇదే పని. ఐదో తరం దగ్గర ఆగింది. ఆ ఐదో తరం నేనే. ఎనిమిదేళ్ళ వయసులో నేను చెక్కిన మొదటి తామరపువ్వును మా నాయన అటూ ఇటూ తిప్పి చూసి, “క్యాబేజీ బాగుందిరా” అన్నాడు. పదో తరగతి కాగానే ఇంట్లో ఎవరూ ఏమీ చర్చించకుండా నన్ను ఎంపీసీలో చేర్పించారు.

ఆ తామరపువ్వు చెక్కేటప్పుడు నా చేతికి ఉలి ఇచ్చి, వెనక నుంచి నా చెయ్యి పట్టుకున్నది మా షెడ్డులోని పెద్ద మేస్త్రి. నేను మామా అంటాను. చుట్టరికం లేదు, పిలుపే. మొండిరాయిని కోసి ఆకారం తెచ్చే పనివాళ్ళు వస్తుంటారు, పోతుంటారు. కళ్ళు, పెదవులు, వేళ్ళు మాత్రం ముప్పై ఏళ్ళుగా మామే. మా నాయనకు కళ్ళ ఆపరేషన్ అయ్యాక సన్నపని చేసే చెయ్యి షెడ్డులో ఆయనదొక్కటే మిగిలింది. ఆయన సన్న ఉలులు పదకొండు, పాత లుంగీ గుడ్డలో చుట్టి ఉంటాయి. పని ముగిశాక షెడ్డులోని రాతిపలక మీదే పెట్టి పోతాడు. ఆ చుట్టను మా నాయన కూడా అడగకుండా ముట్టుకోడు.

నా ఆదివారం ప్రసంగాలు ఇలా ఉండేవి.

“నాయనా, నశ్యం డబ్బీ కంట్లో పడంగానే నీ మెదడులో డోపమిన్ ఊరుతాది. పీల్చకముందే. అసలు ఆత్రమంతా పీల్చకముందేనంట.”

“అట్లయితే పీల్చకుండా డబ్బీ చూస్తా కూచుంటే సరిపోతాదా?”

“సరిపోదు.”

“మరి ఏం చెప్పినట్టురా నువ్వు?”

మామ రాయి మీద నుంచి తల ఎత్తకుండా, “ఈ మాటలకు ఆడ నెలనెలా జీతం ఇస్తాండారు అప్పా” అన్నాడు మా నాయనతో.

నేను నొచ్చుకోలేదు. వాళ్ళకు అర్థం కాలేదని జాలిపడ్డాను. అది కూడా రెండోదే.

మా షెడ్డుకు ఆదివారం సెలవు లేదు, అమావాస్యకే సెలవు. ఆ ఆదివారం దొర్నిపాడు వైపు ఒక ఊరికి పోవాల్సిన ఆంజనేయస్వామి విగ్రహం దాదాపు పూర్తయి ఉంది. మూడడుగుల నల్లరాయి, కుడిచెయ్యి అభయమిస్తున్నట్టు ఎత్తి ఉంటుంది. మధ్యాహ్నం అందరూ అన్నానికి పోతూ నాకు ఒక పని అప్పజెప్పారు. వేళ్ళ సందుల్లో గరుకు కాగితం పెట్టి చేత్తో రుద్దాలి. అంతే. మా నాయన పోతూ పోతూ, “చేత్తో” అని రెండోసారి కూడా చెప్పాడు.

చేత్తో అయితే గంట పడుతుంది. రాయిని అరగదీసే చిన్న చేతి మిషనుకు సన్న బిట్టు తగిలిస్తే నా లెక్క ప్రకారం ఆరు నిమిషాలు. లెక్క తప్పలేదు. ఐదో నిమిషం దాకా అంతా సక్రమంగా జరిగింది. ఐదో నిమిషంలో జేబులో ఫోన్ వణికింది, చెయ్యి అదిరింది, చిటికెన వేలి కొస నుంచి కందిబేడంత ముక్క ఎగిరి దుమ్ములో పడింది.

ఇక్కడ మా పనిలో ఒక నియమం చెప్పాలి. తోటల్లో, హోటళ్ళ ముందు పెట్టే బొమ్మకు దెబ్బ తగిలితే రెజిన్ జిగురు‌లో రాతిపొడి కలిపి అతికించవచ్చు. అందరూ చేసేదే. గుడికి పోయే రాయికి మాత్రం జిగురు తగలకూడదు. అలాంటి విగ్రహం పూజకు పనికిరాదు. గోరంత ముక్క పోయినా ఆ రాయి పక్కకు పోవాలి, కొత్త రాయి రావాలి. ఇది నాకు ఎనిమిదేళ్ళ వయసు నుంచీ తెలుసు.

తెలిసి ఏం చేశానంటే: రాలిన పొడిని జల్లెడ పట్టాను. రెజిన్, హార్డ్‌నర్ కొలత ప్రకారం కలిపాను. రంగు కుదిరేదాకా పొడి చేర్చాను. అగ్గిపుల్లతో పూశాను. ఎండకు గట్టిపడ్డాక గరుకు కాగితంతో రుద్దాను, ఈసారి చేత్తో, చెప్పినట్టే. పైన పొడి చల్లి, మిషను కడిగి, తీసినచోటే పెట్టాను. అందరూ తిరిగొచ్చేసరికి చాప మీద పడుకుని ఉన్నాను. జీవితంలో ఒక పనిని ఇంత క్రమశిక్షణతో చేయడం అదే మొదటిసారి. చూస్తే నాకే అతుకు కనపడలేదు. నాకు భయం వేయలేదని చెప్పడానికి సిగ్గుగా ఉంది. సంతోషం వేసింది.

మొదటి అబద్ధానికి మెదడు గట్టిగా గోల చేస్తుందని, ఆడగా ఆడగా గోల తగ్గిస్తుందని ఎక్కడో చదివాను. నంద్యాల బస్సులో, శిరివెళ్ళ దాటాక, నా మెదడు గోల చేయడం లేదని గమనించాను. అంటే ఇంతకుముందే చాలా ఆడి ఉన్నానన్నమాట. ఆ సంగతిని ఒక శాస్త్రీయ పరిశీలనగా ఫోన్‌లో రాసుకున్నాను.

తర్వాతి ఆదివారం నేను పోయేసరికి విగ్రహాన్ని నీళ్ళతో కడుగుతున్నారు. ప్రతిష్ఠకు ముందు ఊళ్ళో విగ్రహాన్ని నీళ్ళలో పడుకోబెడతారు, జలాధివాసం అంటారు. అక్కడ ఏదైనా బయటపడితే మా పరువు పోతుంది. అందుకని పంపేముందు మా నాయన ఇక్కడే బిందెలతో నీళ్ళు పోసి, ఆరేదాకా ఎదురుగా కూర్చుంటాడు. రాయిలో బీటుంటే అంతా ఆరినా ఆ గీత మాత్రం తడిగా నిలబడుతుంది. ఈ పరీక్ష గురించి నాకు తెలుసు. బీట్ల కోసమనుకున్నాను. జిగురుకు కూడా వర్తిస్తుందని తట్టలేదు.

తడి ఉన్నంతసేపూ అంతా ఒకటే నలుపు. ఎండకు విగ్రహం పైనుంచి కిందికి బూడిదరంగుకు తిరుగుతూ వచ్చింది. కిరీటం ఆరింది, ముఖం ఆరింది, అరచెయ్యి ఆరింది. చిటికెన వేలి కొస ఆరలేదు. నేను చల్లిన పొడి నీళ్ళతో పోయింది. కందిబేడంత మచ్చ ఇప్పుడే తడిపినట్టు నల్లగా మెరుస్తూ ఉంది. మా నాయన గోరుతో గీకాడు. వాసన చూశాడు.

“జిగురు” అన్నాడు.

షెడ్డులో సుత్తుల చప్పుడు ఆగింది. ఆ చేతిని చెక్కింది మామ. ఇంకెవరూ దాని మీద ఉలి పెట్టరు. నేను రుద్దిన గరుకు కాగితానికి రాయి విరగదు. మా నాయన మామ వైపు తిరిగాడు.

“చెయ్యి జారింది, సరే. అతికిచ్చి దాస్తావా? నాకు చెప్పగూడదా?”

“నేను అతికీలేదు అప్పా.”

“మరి స్వామే అతికిచ్చుకున్యాడా?”

మామ దగ్గరకొచ్చి వేలిని చాలాసేపు చూశాడు. “కొస ఎప్పుడు పోయిందో నాకు తెల్దు. నా చెయ్యే తగిలిందేమో” అన్నాడు మెల్లగా. “అతికిచ్చింది మాత్రం నేను గాదు.”

అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. నోరు తెరిచాను కూడా. తెరిచి, “నాయనా, మామ తప్పేం లేదు. వయసొస్తే చెయ్యి వణుకుతాది. తలకాయ వెనకాల చిన్న మెదడని ఉంటాది, చెయ్యి గురి తప్పకుండా చూసేది అదే. అది బలహీనపడితే మనిషికి తెలీకుండానే జరిగిపోతాది. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు మామ చెయ్యి చూడు” అన్నాను.

అందరూ మామ చేతిని చూశారు. అప్పుడే టీ వచ్చింది. గ్లాసు ఆయన చేతిలో ఉంది. అంచు దాకా ఉన్న టీ అదురుతోంది.

మా నాయన గ్లాసు మీద నుంచి చూపు తిప్పుకుని, “ఇంక ముఖాలు, చేతులు వద్దులే. మొండిరాయి పని చూడు” అన్నాడు. మామ తన లుంగీ గుడ్డ చుట్టను తీసి పలక మీద పెట్టి, మిషను దగ్గరకు పోయి రాయి కోయడం మొదలుపెట్టాడు. నేను ఆయన్ను కాపాడానని ఒక్క క్షణం నిజంగా అనుకున్నాను. దాచాడన్న నింద తప్పించి, జబ్బు అంటగట్టాను. నా లెక్కలో అది మేలు.

ఆ వారం నంద్యాలలో నిద్ర సరిగా పట్టలేదు. అది మంచి సూచనే, మెదడు మళ్ళీ గోల చేస్తోందన్నమాట. ఆ గోల ఎలా ఉంటుందో గీతల్లో చూడాలని బుద్ధి పుట్టింది. గురువారం మధ్యాహ్నం రోగులు లేనప్పుడు అద్దం ముందు కూర్చుని నా తలకు నేనే వైర్లు అతికించుకున్నాను. సొంత తల వెనక కొలవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. జుట్టంతా పేస్టు. మిషను ఆన్ చేసి, కళ్ళు మూసుకుని, మామ చుట్టను పలక మీద పెట్టడం గుర్తు చేసుకున్నాను. కళ్ళు తెరిస్తే డాక్టరమ్మ గుమ్మంలో ఉంది.

“ఏందప్పా ఇది?”

“తప్పు చేసిన మెదడు ఎట్లుంటాదో చూస్తాండా మేడం.”

ఆమె తెర దగ్గరకొచ్చి కళ్ళజోడు సర్దుకుంది. “ఇది కన్నార్పడం. ఇది పండ్లు నూరడం. ఇది వైరు ఊడిపోయి ఉండాది. ఇంకేం లేదు.”

అంతా చెప్పేశాను. మామ చెయ్యి వణుకుతుందన్న మాట దగ్గర ఆమె ఆపింది.

“ఎప్పుడు చూసినావ్?”

“టీ తాగేటప్పుడు.”

“పొద్దన్నుంచి సుత్తి కొట్టినాకనా, ముందరా?”

నేను ఊడిన వైరును మళ్ళీ అతికించుకోబోయాను.

“పొద్దన్నుంచి రాయి మీద సుత్తి కొట్టిన చేతికి గ్లాసు ఇస్తే వణకదా? నీ చేతికిచ్చి చూడు. కొట్టకముందు చూసినావా అసలు?”

చూడలేదు. నా ఉద్యోగంలో మొదటి మెట్టే అది. ఏం చేసే ముందైనా రోగిని కదలకుండా కూర్చోబెట్టి మామూలుగా ఎలా ఉందో రాసుకోవాలి. అది లేకుండా తర్వాతి గీతలకు విలువ లేదు. ఈ ముక్క కొత్తగా చేరేవాళ్ళకు నేనే నేర్పుతాను.

“మిషను ఆపి తల కడుక్కో” అని ఆమె వెళ్ళిపోయింది. ఆ పేస్టు రెండు రోజులు పోలేదు.

ఆదివారం ఏం చెప్పాలో బస్సులో రాసుకున్నాను. ఏడు అంశాలు. మొదటి నాలుగూ మెదడు గురించే. అసలు విషయం ఐదోది. షెడ్డు చేరేసరికి దొర్నిపాడు వైపు పెద్దమనుషులు ముగ్గురు కూర్చుని ఉన్నారు. విగ్రహాన్ని ఇవ్వలేనని మా నాయన కబురు పెట్టాడు. ప్రతిష్ఠకు ఇంకా నెల ఉంది గానీ, ఆ లోపల కొత్తది కావాలి.

“మా మేస్త్రి చెయ్యి పట్టు తప్పిందప్పా. కొత్తది చేసిస్తా. కొంచెం టైమివ్వండి” అంటున్నాడు మా నాయన.

వాళ్ళలో ఒకాయన రాయి కోస్తున్న మామ వైపు చూసి, “ఏం మేస్త్రీ, ముసలోడివైపోయినావా? మనమళ్ళను ఆడించుకోరాదా ఇంట్లో?” అని నవ్వాడు. మామ కూడా నవ్వాడు. కోత మిషను ఆపి, కుడిచేతిని లుంగీకి తుడుచుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“నాయనా, ఒకటి చెప్పాల” అన్నాను. “మనిషి భయపడినప్పుడు నుదురు వెనకాల ఉండే మెదడు...”

“యాడికి పోయినా ఇదే గోలనా? పెద్దోళ్ళు మాట్లాడ్తాండారు, కనపళ్ళే?”

ఫోన్‌లో ఒకటి నుంచి నాలుగు వరకూ వదిలేశాను.

“ఆ వేలు కొట్టింది నేను. మిషను పెట్టినా. అతికిచ్చింది నేనే.”

ముందుగా మాట్లాడింది ఊరి పెద్దమనిషే. “ఈ పిల్లోడేనా బీటెక్కు? జిగురు పూసేదానికి బీటెక్కు చదవాల్నా?”

మా నాయన డబ్బీ తీశాడు, మూత తెరవకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. “తప్పు మా ఇంట్లోది. మేస్త్రిని అన్నది నా తప్పు” అన్నాడు వాళ్ళతో. లేచి పలక మీది చుట్టను తెచ్చి మామ ముందు పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“కొట్టినావ్, సరే. అతికిచ్చినావ్, అది కూడా సరే, భయపడినావ్. ఆ చిన్న మెదడు పాఠం ఎందుకు చెప్తివిరా? అది ఎవురు చెప్పమన్యారు నిన్ను?”

దీనికి నా ఏడు అంశాల్లో జవాబు లేదు. పద్నాలుగు దుర్గుణాల్లో కూడా వెతికాను. అబద్ధం ఉంది, గర్వం ఉంది. తెలిసిన నాలుగు ముక్కలతో మనిషిని పడగొట్టడం అనేది అసలు రాసుకోనే లేదు.

మామ చుట్ట విప్పలేదు. “ఉండనీ అప్పా” అన్నాడు. “వారం నుంచి నా చెయ్యి నేనే చూసుకుంటాండా. అన్నం కలిపేటప్పుడు గూడ. ఇప్పుడు ముఖం మీద ఉలి పెడితే వీని మాట గుర్తొస్తాది.”

డాక్టరమ్మ చెప్పింది ఆయనకు వివరించబోయాను. సుత్తి కొట్టకముందు గ్లాసు పట్టి చూద్దాం మామా, రెండింటికీ తేడా...

“మళ్ళ మొదలుపెట్టినావా?” అన్నాడు. ఆపేశాను.

క్లినిక్కుకు వారం సెలవు పెట్టి కొత్త రాయికి మొండిపని నేను చేశాను, అంటే మిగతావాళ్ళు చేస్తుంటే దుమ్ము తిన్నాను. రెండోరోజు పొద్దంతా సుత్తి కొట్టి, సాయంత్రం టీ గ్లాసు అందుకుంటే నా చెయ్యి గడగడా వణికి సగం టీ కాళ్ళ మీద పడింది. మామ చూశాడు. ఆ తర్వాత నా చేతినే చూస్తూ తన గ్లాసు తాగాడు. మరుసటి రోజు పొద్దున నేను పోయేసరికి లుంగీ గుడ్డ విప్పి ఉంది. ఆయన ముఖానికి కొలతలు గీస్తున్నాడు.

వేళ్ళ పని ఆ తర్వాతి ఆదివారానికి వచ్చింది. చిటికెన వేలి దగ్గర మామ నన్ను పిలిచి ఎదురుగా కూర్చోమన్నాడు.

“చెయ్యే చూడు. వణికితే చెప్పు.”

రెండు గంటలు చూశాను. కన్నార్పినా తప్పేనేమో అన్నట్టు చూశాను. చిన్న సుత్తి, సన్న ఉలి, రాతిపొడి. కొస గుండ్రంగా తేలి, గోరు ఆకారం వచ్చింది. ఆయన ఉలి కింద పెట్టాడు.

“వణికిందా?”

“ల్యా మామా, వణకలే.”

“నిజమేనా?”

“నిజం మామా.”

ఆయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. నేను నిజమే చెప్పాను. కానీ చెప్పింది నేను. ఆయన లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆ చేతి మీద పోశాడు. మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నాయన కూడా వచ్చి కూర్చున్నాడు. ముగ్గురం రాయి ఆరేదాకా ఎదురుచూశాం. మణికట్టు ఆరింది. అరచెయ్యి ఆరింది. వేళ్ళు ఒక్కొక్కటే బూడిదరంగుకు తిరుగుతుంటే నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను, ఒకటి, రెండు, మూడు, నాలుగు.

చిటికెన వేలు ఆఖరున ఆరింది, కొస దాకా.

“ఊఁ” అన్నాడు మామ. ఉలులు గుడ్డతో తుడిచి ఒక్కొక్కటే చుట్టలో పెట్టుకుని, చుట్టను తీసుకుని ఇంటికి వెళ్ళాడు. పలక మీద పెట్టలేదు. నేను మళ్ళీ వచ్చే ఆదివారం వస్తానని ఆయనకు తెలుసు.